చుక్క నూనె లేని విందు

విశాఖ నుంచి బొర్రాకొచ్చిన మిత్రబృందానికి ఆరోగ్యమంటే మహా శ్రద్ధ. విస్కీలోకి డైట్ సోడా. మంచింగ్‌కి బొంగులో చికెన్. చుక్క నూనె ఉండదుగా! పైన జీలుగు కల్లు. చెట్టు నుంచి దించింది కాబట్టి ‘న్యాచురల్’. అన్నం మాత్రం వద్దు, షుగరొస్తుంది!

మద్యానికి సురక్షిత మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. ‘అది రోజూ తాగేవాళ్లకి లేరా’ అన్నాడొకడు.

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. కానీ అనంతగిరి ఘాట్ మలుపుల ముందు స్టీరింగ్ పట్టినాయన భరోసా ఇచ్చాడు: ‘భయపడకండ్రా, నేను బీరే తాగా!’

శభాష్! లోయలో పడ్డా కొలెస్ట్రాల్ మాత్రం నార్మల్!