జెండా మోసిన ప్రాక్టీసు

రాష్ట్రమున ప్రభుత్వము మారినప్పుడెల్ల ఆలూరు హోటళ్ళలోను, ఆదోని కోర్టు ఆవరణలోను వానల జోస్యము కంటె, పత్తి ధర కంటె ఎక్కువ ఆసక్తితో చర్చింపబడు విషయమొకటి కలదు: ఈ పర్యాయము జీపీ (ప్రభుత్వ న్యాయవాది) ఎవరు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు) ఎవరు? అభ్యర్థుల యోగ్యతలు అచ్చటనే ఏకరువు పెట్టబడును. ఒకరు పోలింగు ఏజెంటుగా తెల్లవారుజామునుండి కదలక కూర్చుండిరట. ఒకరు నాయకుని పాదయాత్రలో చెప్పులరుగ నడిచిరట. వేరొకరి బావమరిది ఫ్లెక్సీల ఖర్చంతయు భరించెనట. వీరిలో ఎవరైనను ఒక సాక్షిని క్రాస్ చేసిరా అని అడుగుట అమర్యాద.

శాసనము మాత్రము అమాయకమైనది. సెషన్స్ కోర్టులో పీపీ కాగోరువాడు ఏడేండ్లకు తక్కువగాక న్యాయవాదిగా ప్రాక్టీసులో నుండవలెననియు, కలెక్టరు సెషన్స్ జడ్జితో సంప్రదించి పేర్ల జాబితా తయారుచేయవలెననియు పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 24వ సెక్షను చెప్పెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 18వ సెక్షనును అదియే చెప్పుచున్నది. ఆ ఏడేండ్లును నల్లకోటు కోర్టుహాలులో తిరిగినదా, పెండ్లిపందిళ్ళలో తిరిగినదా అని కోటును సాక్ష్యమడుగువారు లేరు.

అయినను జెండా మోసిన అనుభవమును తేలికగా చూడరాదు. నాయకుడు మాట మార్చిన మరునాడే, మొదటినుండియు ఆ మాటయే చెప్పినట్లు సమర్థించుట నేర్చినవానికి, ఎదురు తిరిగిన సాక్షి కొత్తవాడు కాడు గదా!

మా ప్రాంతపు దేవరగట్టుపై విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరుని బన్ని ఉత్సవమున ఉత్సవమూర్తులకొరకు గ్రామములు ఇనుపకట్లు తొడిగిన కర్రలతో తలపడుటయు, తలలు పగులుటయు ఏటేటా చూచుచున్నదే. అట్టి దెబ్బ యొకటి కోర్టుకెక్కిన దనుకొందము. గాయము ఇనుపకట్టుదా, చీకటిలో రాతిమీద పడుటవలన తగిలినదా అని డాక్టరు నోట రాబట్టవలెను; దివిటీ వెలుగున ముఖము గుర్తించితినను సాక్షి ఎంత దూరమున నిలిచెనో తేల్చవలెను; ఆ సాక్షి వాయిదానాటికి మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వలసపోయి ఇంటికి తాళము వేసియున్నచో, కోర్టును ఒప్పించి మరియొక తేదీ తెచ్చుకొనవలెను. తీరా బోనెక్కిన సాక్షి ‘నేనేమియు చూడలేదు’ అన్నప్పుడు, మన పీపీ గారు పోలీసు వాంగ్మూలము ఏ కాగితముల క్రింద నున్నదో వెదకుకొను లోపల, డిఫెన్సు వకీలు ‘క్రాస్ లేదు’ అని కూర్చుండును. కేసు కొట్టివేయబడును, తల పగిలినవాడు ఆసుపత్రి అప్పునకు ఎద్దులనమ్ముకొనును. పాదయాత్రలో ఈ విద్య నేర్పరు.

జెండానుబట్టి ఈ పదవులు కట్టబెట్టుట ఒక్క పార్టీ రోగము కాదు, ఒక్క రాష్ట్రపు రోగమును కాదు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము ఒక్క సర్క్యులరుతో అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను తొలగింపగా సుప్రీంకోర్టు దానిని చెల్లదనెను. 2016లో పంజాబు కేసున ఎంపిక యోగ్యతనుబట్టి పారదర్శకముగా జరుగవలెననెను. అమెరికాలో పలు రాష్ట్రములందు జిల్లా ప్రాసిక్యూటరును ఓటర్లే ఎన్నుకొందురు. ఎన్ని కేసులు వాదించితివని ప్రత్యర్థి వేదికపైననే నిలదీయవచ్చును. మన అభ్యర్థులకా బెడద లేదు.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోటీకి మూడేండ్ల ప్రాక్టీసును మరల తప్పనిసరి చేసినది. దానికి పదేండ్ల అనుభవముగల వకీలు సర్టిఫికెట్టును, దానిపై న్యాయాధికారి ధ్రువీకరణయు కావలెను. తీర్పు చెప్పబోవు కుర్రవానికి ఇంత కట్టడి; ప్రభుత్వము పక్షమున శిక్ష కోరు పెద్దమనిషికి ఎమ్మెల్యే గారి ఉత్తరము చాలునా?

కలెక్టరు గారికిని, సంప్రదింపబడు జడ్జి గారికిని విన్నపము: దరఖాస్తులో ఒక్క గడి పెంచుడు. స్వయముగా సాక్షులను విచారించి తీర్పువరకు నడిపిన కేసులెన్ని, వాటి నంబర్లేవి? ఆ జాబితాను కోర్టు నోటీసుబోర్డుపై అంటించుడు. చదువుకొనుటకు ఆలూరు నుండి మేమే వచ్చెదము.