హంతకుడు పొందూరులోనే దొరికాడు

పేరెప్పుడూ వినని రచయిత నవల. అట్ట మీద కత్తి, కత్తి మీద రక్తం, రక్తం మీద ధర. విజయనగరంలో పలాస బండెక్కుతూ కొనేశాడో పాఠకుడు.

చీపురుపల్లి: ‘అబ్బో, ఏటి రాశాడు!’

పొందూరు: హంతకుడెవరో తెలిసిపోయింది. ఒక్క డిటెక్టివ్‌కి తప్ప.

శ్రీకాకుళం రోడ్డు: బోర్డు నమ్మి దిగితే ఉన్న ఊరు ఆమదాలవలస. అట్ట మీది ‘థ్రిల్లర్’ కూడా అలాంటి బోర్డే. థ్రిల్లుకి ఇక్కణ్ణుంచి ఆటో కట్టించుకోవాలి.

పెళ్లికూతుర్ని మాయం చేసి, ముసలి లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడేసిన గురజాడ ‘కన్యాశుల్కం’ (1909 కూర్పు) విజయనగరం సరుకే. హత్యే జరగలేదు, అయినా జనం వదల్లేదు. ఇక్కడేమో శవాలు ఏడు, ఆవలింతలు లెక్కలేనన్ని.

పలాసలో తుది తీర్పు: ‘ఏటీ బాగోలేదు. రెండో భాగం ఎప్పుడొస్తాది?’