బొమ్మ కావాలి, బొమ్మలేసేవాడు వద్దు

కోరుకొండలో కుర్రాడెవడైనా "ఎంఎఫ్ఏ చేస్తానండి" అన్నాడనుకోండి. ఆ సాయంత్రానికే ఇంటికి పరామర్శలు మొదలవుతాయి. ఎంబీయే అనుకుని మురిసిపోయిన మావయ్యగారికి అది చిత్రలేఖనమని తెలిసేసరికి మొహం మాడిపోతుంది. "స్కోపుండదు కదండీ" అని పెదవి విరిచి, కాఫీ మాత్రం పూర్తిగా తాగి వెళ్తారు.

లెక్క చూద్దాం. బీఎఫ్ఏ 4 ఏళ్లు, ఎంఎఫ్ఏ 2 ఏళ్లు. బీటెక్ 4, ఎంటెక్ 2. రెండూ ఆరేళ్ల చదువులే. కానీ ఎంటెక్ చేసి ఇంట్లో కూచున్నవాడు "ప్రిపేరవుతున్నాడండి". ఎంఎఫ్ఏ చేసి పొద్దస్తమానం కాన్వాసు ముందు నిలబడ్డవాడు "ఖాళీగానే ఉన్నాడండి".

పోనీ, మనకి బొమ్మలతో పనిలేదా? అయ్యో, బొమ్మ లేనిదే పూట గడవదు! బారసాలకి బొమ్మ, ఓణీల ఫంక్షనుకి బొమ్మ, పదవొస్తే బొమ్మ, పోతే కన్నీటి నివాళి బొమ్మ. ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి కల్యాణానికి వచ్చే భక్తుడు కొండ మీది స్వామిని చూడాలంటే ముందు కింద ఫ్లెక్సీల్లో వెలసిన స్వాములందరి దర్శనం చేసుకోవాలి.

ఫ్లెక్సీ షాపులో ఓ అరగంట కూచోండి. పెద్ద నాయకుడి తల పెద్దగా, చిన్న నాయకుడిది చిన్నగా, డబ్బిచ్చినవాడిది అందరికంటే పెద్దగా. ఎవరి తలో, ఎవరి చొక్కానో! వెనక సింహం ఒకటి, ఉచితం. "నా మొహం ఇంకాస్త తెల్లగా చెయ్యి తమ్ముడూ" అనడమే మనకి తెలిసిన కళావిమర్శ. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. మరి ఆయనకి ధన్యవాదాలు చెప్పాలన్నా ఫ్లెక్సీయే కట్టాలి కదా!

ఇక కళాభిమానమంటారా, అది పుష్కలం. పక్కనే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట చిత్రశాల ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కుర్రాడైన రామారావు గీతలు చూసి బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. అతగాడు తిరిగొచ్చి 1922లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే, మశూచితో పోయాడు. ఆయన పేరెత్తితే మన ఛాతీ ఉప్పొంగుతుంది. చిత్రశాలలోకి ఎప్పుడెళ్లారని అడిగితే మాత్రం దగ్గొస్తుంది. పైగా, ఆ దొరకి స్కోపు సంగతి చెప్పే మావయ్యగారు దొరక్కపోవడం మన అదృష్టం.

మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి బరోడా వెళ్లి చదువుకున్న చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌కి 2016లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. మనకి స్కోపు కనబడేది ఆ వయసులోనే.

సరే, మన కోరుకొండ కుర్రాడు మొండివాడు. విశాఖ వెళ్లి ఆంధ్రా యూనివర్సిటీలో పట్టా పుచ్చుకుని వచ్చాడు. ఇప్పుడు చూడండి ఊరికి పుట్టుకొచ్చే ప్రేమ! "మా అమ్మాయి బోటనీ రికార్డులో బొమ్మలేసిపెట్టు బాబూ, నీకెంతసేపు!" "రామాలయం గోడ మీద దశావతారాలు వెయ్యి నాయనా, పుణ్యం." అదే గోడకి సిమెంటిచ్చినవాడికి డబ్బు, మేస్త్రీకి డబ్బు, సున్నం వేసినవాడికి డబ్బు. పుణ్యమంతా ఒక్క చిత్రకారుడికే. అంత పుణ్యం ఏ కిరాణా కొట్లో చెల్లుతుందో మావయ్యగారే చెప్పాలి.

స్కోపు అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. గీసినవాడికి మనం ఇచ్చే కూలికే ఆ పేరు. అది ఎగ్గొట్టినవాళ్లమే వీధి అరుగు మీద కూచుని స్కోపు లేదని తీర్పులిస్తున్నాం.

కాబట్టి అబ్బాయ్, నువ్వు ఎంఎఫ్ఏ చెయ్యి. రంగుల సంగతి మేష్టార్లు చెబుతారు. బిల్లు రాయడం మాత్రం ఇవాళే నేర్చుకో. గుడి కమిటీకొకటి, రికార్డు తెచ్చినవాళ్లకొకటి రాసివ్వు. మావయ్యగారు తన షష్టిపూర్తికి నిలువెత్తు బొమ్మ వేయించుకుంటానని వస్తారు చూడు, ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకునే కుంచె పట్టు.