అన్‌ఫిట్ కావడం ఎలా?

రిటైర్మెంటుకు మూడు నాలుగేళ్ల ముందు ఇంటిపెద్ద ఉద్యోగం పోతే ఏ ఊళ్లోనైనా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించబుద్ధి కాదు. గోదావరిఖనిలో మాత్రం కొన్ని ఇళ్లలో ఆ రోజు స్వీట్లు పంచుతారు. అలాగని ఎలా పడితే అలా పోతే లాభం లేదు. తండ్రి వయసు, కొడుకు వయసు, జబ్బు పేరు, కాగితాల్లో మనిషి పేరు అన్నీ కుదిరాకే పోవాలి. సింగరేణి బొగ్గు బాయిల్లో ముప్ఫయ్యేళ్లు నెగ్గుకొచ్చినవాళ్లకు కూడా ఇది ఒక పట్టాన పట్టుబడే విద్య కాదు. అందుకే ఈ నాలుగు సూచనలు.

ముందుగా మోటు పద్ధతి ఒకటుంది, దాని జోలికి పోకూడదు. డ్యూటీ ఎగ్గొట్టి, ఏడాదికి వంద మస్టర్లు (హాజరీలు) కూడా పడకుండా చూసుకుంటే కంపెనీయే నోటీసిచ్చి డిస్మిస్ చేస్తుంది. ఉద్యోగం పోతుంది గానీ ఎవరికీ రాదు. తెలివైనవాడు కోరుకోవాల్సింది మెడికల్ అన్‌ఫిట్.

దానికి ముహూర్తం ముఖ్యం. సింగరేణిలో 2021 నుంచి రిటైర్మెంటు వయసు 61. వారసుడికి ఉద్యోగం రావాలంటే తండ్రికి రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండగానే కంపెనీ మెడికల్ బోర్డు అతన్ని అన్‌ఫిట్ చేయాలన్నది నిబంధన. ఎత్తేయమని కార్మిక సంఘాలు అడుగుతూ వచ్చిన నిబంధనే ఇది. కాబట్టి గుండె గానీ మూత్రపిండాలు గానీ 59 నిండకముందే మొరాయించాలి. నిండిన మర్నాడు పక్షవాతం వస్తే అది ఉత్త పక్షవాతమే. మరీ తొందరపడి నలభై అయిదుకే మంచం పడితే కొడుకు ఇంకా ఇంటర్‌లో ఉంటాడు. మరీ ఆలస్యమైతే కొడుక్కే వయసు దాటిపోతుంది. మొదట 35 ఏళ్ల పరిమితి ఉండేది, 2024లో 40కి పెంచారు. కొడుకు ముదిరేలోపు, తండ్రికి 59 దాటేలోపు జబ్బు రావాలి. పంచాంగంలో ఇంత ఇరుకు లగ్నం పెళ్లిళ్లకు కూడా ఉండదు.

ఇంత తిప్పలెందుకు, ఆరోగ్యంగా ఉండగానే దిగిపోయి కొడుకును ఎక్కించొచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. ఆ ముచ్చటా తీరింది. 48 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న కార్మికుడు తనంతట తాను దిగిపోతే వారసుడికి ఉద్యోగం ఇస్తామని 2016 నవంబరులో సింగరేణి డైరెక్టర్ల బోర్డు తీర్మానించింది. వంశపారంపర్యంగా ఉద్యోగాలిస్తే మిగతా నిరుద్యోగుల సమానావకాశం సంగతేమిటంటూ 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ ఆదుకోలేదు. మరుసటి ఏడాది కారుణ్య నియామకాల పేరుతో, జబ్బు చేసి పనికిరాకుండా పోయినవాళ్ల వారసులకు దారి తెరిచారు.

కోర్టు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. ప్రభుత్వ కంపెనీ ఉద్యోగం తాత నాటిన మామిడితోట కాదు. కానీ బాయి మీద ఆ తీర్పుకు తేలిన అర్థం వేరు. సర్వీసులో ఉండగా చచ్చిపోతే కొడుక్కి ఉద్యోగం ఉంది. చెడిపోతే మెడికల్ బోర్డు దయ. ఒళ్లు దిట్టంగా ఉంచుకుని 61 ఏళ్లకు దండ వేయించుకుని ఇంటికొస్తే మాత్రం ఏమీ లేదు. అంతకాలం మందు ముట్టకుండా, పొద్దున్నే నడుస్తూ ఒంటిని కాపాడుకున్నవాడే వట్టి చేతుల తండ్రి.

పింఛను రాదా అంటే, వస్తుంది. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకంలో కరువుభత్యం అనే మాట లేదు. దిగిపోయిన నెల ఎంతో, పదిహేనేళ్ల తర్వాతా అంతే. బియ్యం ధర మాత్రం ఆ పథకంలో చేరలేదు.

ఇక మెడికల్ బోర్డు. గోదావరిఖనిలో ఏరియా ఆస్పత్రి ఉన్నా అసలు తీర్పు కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్‌లోనే. రెండు వందల కిలోమీటర్లకు మించిన ప్రయాణం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలు, మడతల దగ్గర చిరిగిపోతున్న పాత చిట్టీలు. ఇక్కడే అనుభవజ్ఞులు కూడా తడబడతారు. గనుల నిబంధనల ప్రకారం అయిదేళ్లకు మించకుండా జరిగే వైద్య పరీక్షలో ఫిట్ అనిపించుకోవడానికి ఇన్నాళ్లూ దగ్గును గొంతులోనే నొక్కేసుకున్నారు. నడుం పట్టేసినా ఓవర్‌మ్యాన్ ముందు నిటారుగా నిలబడ్డారు. ఇప్పుడు దాచిన దగ్గునంతా బయటికి తీయాలి. మరీ తక్కువ దగ్గితే ఫిట్. మరీ ఎక్కువ దగ్గితే నటన. డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్న సపోర్ట్‌మ్యాన్‌కు తన ఆయాసం నిజమో కాదో తనకే అనుమానం వచ్చే సమయమది.

అన్నిటికన్నా భయపడాల్సిన జబ్బు పేరు ‘సర్ఫేస్ ఫిట్’. అండర్‌గ్రౌండ్‌కు పనికిరాడు, పైన పనికొస్తాడు అని దాని అర్థం. అప్పుడు ఉద్యోగం పోదు, కొడుక్కీ రాదు. బాయిలో కప్పు కూలకుండా కాపుకాసిన సపోర్ట్‌మ్యాన్ పైన ఏ ఆఫీసు దగ్గరో ఊడుస్తూ కనిపిస్తాడు. ‘ఏమైందే?’ అని చౌరస్తా హోటల్లో ఎవరైనా అడిగితే, ‘ఏం గాలె, సర్ఫేస్ ఇచ్చిన్రు’ అంటాడు, అదేదో శిక్ష పడినట్టు. ఇది తప్పిస్తామంటూ లక్షలు అడిగే దళారులు ఉంటారు. వాళ్లను నమ్మొద్దని కంపెనీ చెబుతూనే ఉంటుంది, వాళ్ల మీద కేసులు పేపర్లలో వస్తూనే ఉంటాయి. నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉంటారు.

కాగితాల్లో పేరు సంగతి మరిచిపోకూడదు. పాత రోజుల్లో ఇంకొకరి పేరు మీద బాయిలో దిగినవాళ్లు చాలామంది. ఊళ్లో ఒక పేరు, మస్టర్‌లో ఒక పేరు. తండ్రి నిజంగానే అన్‌ఫిట్ అయినా, ఆయన నిజంగా తండ్రేనా అన్న ప్రశ్న దగ్గర ఫైలు ఆగిపోతుంది. మారుపేర్ల గొడవ అని సంఘాలు ఏళ్ల తరబడి మోస్తున్న సమస్య ఇదే. సూచన ఒక్కటే: 1980లలో బాయిలో చేరేటప్పుడే ముందుచూపుతో సొంత పేరు చెప్పి ఉండాల్సింది.

ఇంత శ్రమ పడలేనివాళ్లకు పక్కనే ఇంకో నమూనా ఉంది. మనిషికి బదులు ఫ్యాక్టరీయే అన్‌ఫిట్ కావడం. బొగ్గుతో ఎరువు చేసే రామగుండం ఎఫ్‌సీఐ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. ‘స్వచ్ఛంద’ విరమణ పథకం కింద ఉద్యోగులను ఇళ్లకు పంపేశారు. స్వచ్ఛందం ఎవరిదో ఆ కాగితాల్లో కనపడదు. అదే చోట గ్యాస్‌తో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఎఫ్‌సీఐ మూతపడిన నాటికి యాభై దాటినవాళ్లకు అప్పటికి డెబ్బై దాటాయి.

జర్మనీవాళ్లకు ఈ విద్య అసలు రాదు. 2018 డిసెంబరులో బొట్రోప్‌లో తమ చివరి నల్లబొగ్గు గని మూసేముందు, భూగర్భంలో పనిచేసినవాళ్లకు యాభై ఏళ్ల నుంచే, పింఛను అందేదాకా, సర్దుబాటు భత్యం కట్టారు. దగ్గి చూపించమని ఎవరూ అడగలేదు.

చివరి సూచన ఇంట్లోవాళ్లకు. ఇద్దరు కొడుకులుంటే ఎవరి పేరు పెట్టాలో బోర్డుకు పోకముందే తేల్చుకోవాలి. ఉద్యోగం వచ్చినవాడు అమ్మానాన్నలను చూసుకోవాలనీ, తమ్ముడికి ఇంత ఇవ్వాలనీ పెద్దమనుషుల ముందు రాసుకోవడం మామూలే. రాసుకున్నంత మాత్రాన జరగదన్నదీ మామూలే. అల్లుడు ఉంటే పంచాయితీ ఇంకో రెండు రాత్రులు సాగుతుంది.

అన్నీ కలిసొస్తే తండ్రి ఇంటికొస్తాడు, బీటెక్ చదివిన కొడుకు కూలీ కేటగిరీలో చేరతాడు. చేరేముందు అతనికీ సింగరేణి ఆస్పత్రిలోనే వైద్య పరీక్ష. చూపు, గుండె, ఛాతీ ఎక్స్‌రే. అక్కడ అతను ఫిట్ కావాలి.