కర్మ మనది, కర్త ఎవరు?

‘మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది.’

ఈ వాక్యాన్ని పదో తరగతి తెలుగు పరీక్షలో ఇచ్చి, కర్తను గుర్తించమంటే రాష్ట్రమంతా ఆ ప్రశ్నకి సున్నాయే. అందులో కర్త లేడు. క్రియ ఉంది గానీ అది జరగలేదు. మిగిలింది కర్మ. అది మనది.

సర్వీసు కంపెనీల తెలుగు చూసి నవ్వుకుంటాం. తర్జుమా చేసిన యంత్రాన్నో, ఇంగ్లీషు మీడియం చదువునో తిట్టుకుంటాం. నాకు మాత్రం అది చేతకాక రాసిన తెలుగు అనిపించదు. చాలా తెలివిగా రాసింది. ‘మా మనిషి వచ్చి బాగుచేశాడు’ అని రాశారనుకోండి, ఎవరా మనిషి, ఎప్పుడొచ్చాడు, ఏం బాగుచేశాడు అని మనం నిలదీస్తాం. ‘పరిష్కరించబడినది’ అంటే ఎవర్ని నిలదీస్తాం? రాత్రి మనం నిద్రపోతుండగా వాన పడ్డట్టు, పరిష్కారం పడింది. అంతే.

తప్పించుకోవడానికి తెలుగులో సొంత దారులు లేక కాదు. గ్లాసు పగలగొట్టిన పిల్లాడు ‘గ్లాసు పగిలిపోయిందమ్మా’ అంటాడు. ‘దానంతటదే పగిలిందా?’ అని వాళ్లమ్మ అక్కడికక్కడే పట్టుకుంటుంది. మన తెలుగులో అబద్ధమాడితే అలా దొరికిపోతాం. ‘బడినది’ వెనక దాక్కున్నవాణ్ణి ఏ అమ్మా పట్టుకోలేదు.

మా వాషింగ్ మెషీన్ డ్రమ్ములో నీళ్లు నిలిచిపోయాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రికార్డు గొంతు ‘తెలుగు కొరకు నాలుగును నొక్కండి’ అంది. నొక్కాను. ‘మీ కాల్ మాకు అత్యంత విలువైనది’ అని చెప్పి పాట పెట్టారు. అంత విలువైనది కాబట్టే కాబోలు, ఎవరూ ముట్టుకోలేదు. చాలాసేపటికి లైన్లోకొచ్చిన కుర్రాడి మొదటి మాట: ‘సర్, హిందీ యా ఇంగ్లీష్?’ మరి నాలుగెందుకు నొక్కించారయ్యా అని అతన్ని అడిగి లాభం లేదు. ఏ ఊళ్లో ఏ షిఫ్టులో కూర్చున్నాడో, ఎదురుగా తెర మీదున్నది చదవడమే అతని ఉద్యోగం.

మర్నాడు మెకానిక్ రాలేదు గానీ, అతని ఫోన్ వచ్చింది.

‘‘సార్, మీకో కోడ్ వచ్చుంటది, చెప్పండి.’’

‘‘మెషీన్ చూడకుండానే?’’

‘‘పార్టు రావాలి సార్. కంప్లైంట్ ఓపెన్‌లో ఉంటే నాకు కటింగ్ పడుద్ది. కోడ్ చెప్పారంటే క్లోజ్ కొట్టేస్తా. పార్టు రాగానే నేనే వస్తా.’’

‘‘వస్తావా?’’

‘‘నా నంబరుంది కద్సార్. ఆ, ఇంకోటి... రేటింగ్ అడుగుతారు, పదికి పది కొట్టండి. తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క.’’

ఆ కోడ్‌కి కంపెనీ పెట్టుకున్న పేరు ‘హ్యాపీ కోడ్’. మురుగు వాసనేస్తున్న డ్రమ్ము పక్కన నిలబడి నా సంతోషాన్ని అంకెల్లో చదివి వినిపించాను. అతని తెలుగు విన్నారుగా? ప్రతి మాటలోనూ మనుషులున్నారు. నాకు కటింగ్ పడుద్ది, మీరు చెప్పారంటే, నేనే వస్తా. కంపెనీ మొత్తమ్మీద కర్తగా దొరికేది అతనొక్కడే. కోతలన్నీ అతనికే పడేది అందుకే.

గిడుగు రామమూర్తి పంతులుగారు గ్రాంథికవాదులతో ఏళ్ల తరబడి పోట్లాడి వాడుక భాషకి చదువులో చోటు కావాలన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. బడిలోంచి వెళ్లగొట్టిన గ్రాంథికం మాత్రం ఊరుకోలేదు, కాల్ సెంటర్లో ఉద్యోగం సంపాదించింది. ‘కొరకు’, ‘యొక్క’, ‘లేనిచో’ అన్నీ అక్కడే క్షేమంగా ఉన్నాయి. పాత పండితులకి కనీసం సంధులు తెలుసు.

డబ్బు దగ్గర ఈ భాష వేగం చూడాలి. ఏటీఎం నోట్లు ఇవ్వకుండా గుర్రుమని ఊరుకుంటుంది, జేబులో ఫోన్ మాత్రం ‘డెబిట్ చేయబడినది’ అని అప్పుడే మోగుతుంది. అలాంటి సొమ్ము లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లో తిరిగి ఖాతాలో వెయ్యాలనీ, ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున, ఖాతాదారు అడక్కపోయినా చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే చెప్పింది. ఈ సంగతి చెప్పే మెసేజ్ మాత్రం నాకు ఏ తెలుగులోనూ రాలేదు. అదే క్రెడిట్ కార్డు బిల్లయితే వాక్యం చక్కగా నిటారుగా నిలబడుతుంది: ‘గడువులోగా మీరు చెల్లించాలి.’ చూశారా, కర్త వెంటనే దొరికాడు!

అవతలి పక్క కర్తని పట్టుకోవడానికీ ఒక చోటుంది. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది, దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం నడుస్తోంది. మనం ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, వకీలు అక్కర్లేదు, 5 లక్షల లోపు చెల్లించి కొన్న వస్తువుకీ సేవకీ ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడొచ్చు. కమిషన్లో నాకు నచ్చేదేమిటంటే, ఫిర్యాదులో ఎదుటి పార్టీ పేరూ చిరునామా రాసి తీరాలి. అక్కడ ‘బడినది’ని బోనెక్కించడం కుదరదు.

మా మెషీన్ అంతదూరం వెళ్లలేదు. ఓ ఆదివారం పొద్దున్నే మెకానిక్ పార్టు సంచిలో వేసుకుని నిజంగానే వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగు పలక విప్పి, పంపులోంచి ఒక పిన్నీసూ, రూపాయి బిళ్లా తీసి నా చేతిలో పెట్టాడు. కొత్త పంపు బిగించాడు. నీళ్లన్నీ బుడబుడమంటూ వెళ్లిపోయాయి. టీ తాగి, రేటింగ్ సంగతి ఇంకోసారి గుర్తుచేసి బండెక్కాడు.

కంపెనీ రికార్డు ప్రకారం ఆ రోజు అతను సెలవులో ఉన్నాడు.