పిల్లిగారి గృహనిర్బంధం

అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే ‘శాప్’ కంపెనీకి కేంద్ర కార్యాలయం జర్మనీలోని వాల్‌డార్ఫ్. 2022లో ఆ ఊరి దక్షిణ భాగంలోని పెంపుడు పిల్లులకు ఆగస్టు ఆఖరుదాకా గడప దాటొద్దని ఉత్తర్వు పడింది. నేల మీద గూడు పెట్టే జుట్టుపిట్టలు అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి మరి. మాట మీరితే 500 యూరోలు. పిట్టకు హాని జరిగితే జరిమానా 50 వేల దాకా! షికారుకు తీసుకెళ్లాలంటే మెడకో తాడు, అదీ రెండు మీటర్లు మించకుండా. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న పాత చర్చను జర్మన్లు టేపు పెట్టి కొలిచి మరీ తేల్చేశారు.

యజమానులు లబోదిబోమన్నారు. ‘మా పిల్లి అలాంటిది కాదండీ’ అన్నది ఏ దేశంలోనైనా ఒకటే పాట. తెల్లారి గుమ్మంలో పడి ఉన్న ఈకలు మాత్రం పక్కింటి పిల్లివి! అన్నట్టు, పిట్టలు గూడు పెట్టే ఖాళీ జాగాల్లో ఇళ్లు లేపే పెద్దమనుషుల మెడకు ఎన్ని మీటర్ల తాడో ఉత్తర్వులో రాయలేదు.

మనకు ఈ బాధ లేదు. గోడ దూకి పాలగిన్నె నాకేసిన పిల్లి ఎవరిదీ కాదు. నోటీసు ఎవరి పేర రాయాలో తేలేలోగా అది పిల్లల్ని ఏడిళ్లూ తిప్పేసి ఉంటుంది.