సిగార్ పెట్టె పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఇంట్లో సిగార్లు దాచుకొనే చెక్కపెట్టెకు లోకంలో హ్యూమిడార్ అని వ్యవహారం. అందులో తేమ ఎంత ఉండాలనే దాని మీద వాదోపవాదాలకు అంతు లేదు. వాటి సారమంతా ఒక కవి ఒక్క ఆటవెలదిలో కుక్కాడు. ఊరూ పేరూ చెప్పుకోలేదు గాని, ‘డెబ్బది’ అన్న మాటను బట్టి చలిదేశపు గురువుల దగ్గర పాఠం విన్నవాడనీ, పగులు కన్నా ముందు బూజును తలచుకున్నాడు గనుక విశాఖపట్నంలో కాపురమున్నవాడనీ ఊహించవచ్చు. హైదరాబాదువాడైతే మొదటి పాదంలోనే ఆకు పగిలిపోయేది.

ఆ.వె.
పెట్టెలోన తేమ పెరిగినన్ బూజగు
తగ్గెనేని యాకు తానె పగులు
ముల్లు డెబ్బదైన మురియుచున్ మూతను
తెరువకుండువాఁడె ధీరుఁడగును

ప్రతిపదార్థం

పెట్టెలోన = లోపల స్పానిష్ సెడార్ పలక తాపడం చేసిన పేటికయందు; తేమ = గాలిలోని సాపేక్ష ఆర్ద్రత; పెరిగినన్ = 72 శాతం దాటి అక్కడే తిష్ఠ వేసినచో; బూజు అగు = బూజు పట్టును; తగ్గెనేని = 60కి దిగువన పడినచో; ఆకు = సిగార్‌కు పైన చుట్టిన పలుచని ఆకు; తానె = ఎవరూ ముట్టకుండానే; పగులు = బీటలు వారును; ముల్లు = హైగ్రోమీటరు ముల్లు; డెబ్బదైన = 70 దగ్గర నిలిచినచో; మురియుచున్ = సంతోషించుచు (ఇంటికొచ్చిన ప్రతివారికీ చూపించుచు అని కొందఱు); మూతను = మూతను; తెరువకుండువాఁడె = ఊరక తెరవనివాడే; ధీరుఁడు అగును = ధీరుడనిపించుకొనును.

తాత్పర్యం

తేమ మించితే బూజు, తగ్గితే పగులు. ముల్లు ఉండవలసిన చోట ఉంటే మూత జోలికి పోవద్దు. ఇంత తేలికైన మాటకు టీక ఎందుకంటే, కవి దాటేసిన చిక్కులన్నీ టీకాకారుడి నెత్తిన పడతాయి గనుక.

విశేషాలు

‘పెట్టె’: కవి ఏ పెట్టె అన్నది చెప్పలేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ బహూకరించిన పెట్టె 1996లో సదబీస్ వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. ఆ ధర కెనడీకే గాని తేమకు కాదు. తేమ నిలపడంలో రబ్బరు పట్టీ ఉన్న వంటింటి ప్లాస్టిక్ డబ్బా చాలా చెక్కపెట్టెల్ని ఓడిస్తుంది. అయినా చెక్కకు ఉన్న మర్యాద చెక్కదే. స్పానిష్ సెడార్ మన వేపకు జ్ఞాతి. రెండూ మీలియేసి కుటుంబమే. దాని వాసన పురుగుకు గిట్టదని ప్రతీతి. అంతమాత్రాన కాపలా దానికే అప్పగించి నిద్రపోరాదు.

కొత్త చెక్క మహా దాహంతో ఉంటుంది. అందులో తిన్నగా సిగార్లు పెడితే వాటి నీటినే తాగేస్తుంది. అందుకని 84 శాతం తేమ నిలిపే పొట్లాలు వేసి రెండు వారాలు ఖాళీగా మూసి ఉంచాలి. తడిగుడ్డతో లోపలంతా తుడిచేస్తే పని ఒక్కపూటలో అయిపోతుందని ఒక పూర్వ వ్యాఖ్యాత. ఆయన పెట్టె పలక వంగి, మూత సందు ఇచ్చి ఉంటుంది. ఆ మతం గ్రాహ్యం కాదు.

‘తేమ’: ఇది పద్యానికి ప్రాణపదం గనుక కొంచెం నిలిచి చూడాలి. ఐదు లీటర్ల పెట్టెలో, 21 డిగ్రీల వేడి దగ్గర, 70 శాతం తేమ ఉందనుకుందాం. ఆ గాలిలో ఉన్న నీరంతా కూడగట్టినా గ్రాములో వీసమెత్తు. అదే పెట్టెలో తలా పది గ్రాముల సిగార్లు నలభై ఉంటే, వాటి బరువులో సుమారు ఎనిమిదో వంతు నీరే. అంటే యాభై గ్రాములు. చెక్క తాగినది వేరే. గాలి నిరుపేద, ఆకు షావుకారు. మూత తెరవగానే ముల్లు ధబాలున 50కి పడుతుంది. పోయింది ఆ వీసమే. మూత మూస్తే ఆకూ చెక్కా కలిసి కాసేపట్లో ఆ లోటు పూడుస్తాయి. ఈ సంగతి ఎరగనివాడు ముల్లు పడగానే కంగారుపడి పెట్టెలో తేమకని ఉంచిన స్పాంజికి నీళ్లు పడతాడు, మర్నాడు ముల్లు 76 చూపితే మూత బార్లా తెరుస్తాడు, ఆ సాయంత్రం మళ్లీ నీళ్లు. ముల్లు వెంట పరుగెత్తే ఈ వ్యసనం నుంచి మరల్చడానికే కవి ‘ధీరుఁడు’ అన్నాడు. పెట్టెకు కావలసింది గంటగంటకూ సేవ కాదు, వారాల ఓపిక.

‘బూజగు’: సిగార్ మీద తెల్లని పొడి కనబడితే ‘ప్లూమ్’ అని కళ్లకద్దుకొనేవారున్నారు. లోపలి నూనెలు పైకి తేలి గడ్డకట్టాయట, పాతదనానికి అది పతకమట. చాలా మటుకు అది బూజే. మచ్చలు మచ్చలుగా నూగు లేచి, నీలానికో పచ్చకో తిరిగితే సందేహమే అక్కరలేదు.

‘ముల్లు’: ముల్లు చెప్పేది నిజమని కవి ఎలా నమ్మాడో! కొత్త పెట్టెకు బిగించి వచ్చే గుండ్రటి మీటర్లలో అలంకారమే ఎక్కువ. పరీక్షకు వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాలి. ముద్ద కావాలి గాని కరిగి నీళ్లు కారాదు. ఆ మూతను, మీటరును జిప్ కవర్లో కలిపి మూసి ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా వదిలేయాలి. ఆ కవర్లో గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఉప్పుకు అది సహజగుణం. అప్పుడు ముల్లు 69 అంటే, ఆరు తక్కువ చెబుతోందన్నమాట. దాన్ని నమ్మి డెబ్బైకి తెచ్చినవాడి సిగార్లు నిజానికి 76లో నానుతుంటాయి.

బొవేడా వంటి పొట్లాల కిటుకూ ఈ ఉప్పు కిటుకే. లోపల లవణ ద్రావణం, పైన నీటి ఆవిరి మాత్రమే దూరే పొర. గాలి పొడిగా ఉంటే ఇస్తుంది, చెమ్మగా ఉంటే పుచ్చుకుంటుంది. 62, 65, 69, 72 అని అంకె వేసే అమ్ముతారు. స్పాంజికి ఇవ్వడమే గాని పుచ్చుకోవడం చేతకాదు. వానాకాలం విశాఖలో బయటి గాలే 80 ఉంటే, దానికి స్వేదనజలం తాపించేవాడిని ఏమనాలి? ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదులో మాత్రం స్పాంజికి గౌరవం దక్కుతుంది.

‘డెబ్బది’: శంక. కవివాక్కు డెబ్బదియే కదా, 65 చాలని ఈనాటివారు ఎలా అంటున్నారు? సమాధానం. డెబ్బదికి జంట మాట ఒకటుంది, ఛందస్సు చాలక కవి వదిలేశాడు: 70 శాతం తేమ, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి. అంటే మన లెక్కలో 21 డిగ్రీలు. మే నెలలో మన ఇళ్లలో 21 డిగ్రీలు ఏసీ గదిలో తప్ప ఎక్కడిది? వేడి 25 దాటితే ఆకులో నిద్రిస్తున్న లాసియోడెర్మా గుడ్లు మేలుకుంటాయి. ఈ పొగాకు పురుగు మిరపకాయల్నీ, పసుపునీ, ధనియాల్నీ కూడా వదలదు. సిగార్‌కు సూదితో పొడిచినట్టు సన్నని బెజ్జం కనబడితే, పురుగు ఈపాటికి లోపల కాపురం చేసి బయటపడిందన్నమాట. తేమను 65కి దించితే బూజు భయం తగ్గుతుంది. పురుగుకు మాత్రం చలే మందు. కవర్లో గట్టిగా మూసి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు కింది అరలో, ఆ తరువాతే బయటికి. తొందరపడి తిన్నగా బయటికి తీస్తే ఆకు చిట్లుతుంది. ఫ్రీజర్‌లో చోటుకు ఇల్లాలి అనుమతి వేరే శాస్త్రం, ఇక్కడ ప్రస్తుతం కాదు.

శంక. పొగ ఆరోగ్యానికి చేటు కదా? సమాధానం. చేటే. ఈ టీక పెట్టెకు, నోటికి కాదు.

శంక. లంక పొగాకు చుట్టలు కాల్చిన మన తాతలకు ఏ హ్యూమిడార్ ఉంది? సమాధానం. రొండిన దోపిన చుట్ట ఆ పూటకే బూడిదయ్యేది. కన్యాశుల్కంలో గిరీశం చేతిలో చుట్ట పాతబడేంత కాలం నిలిచిందా?

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘తెరువకుండు’కు బదులు ‘తెరచియుండు’ అని చదివేవారున్నారు. గణాలకు లోటు లేదు, యతి చెడదు, అర్థం మాత్రం తలకిందులు. ఈ చిక్కంతా మూలప్రతిలో సరిగ్గా ఆ అక్షరాల మీద పడిన బెజ్జం వల్ల. లాసియోడెర్మాకు పుస్తకాల జిగురన్నా ఇష్టమే. కవి తన ప్రతిని కూడా ఆ పెట్టెలోనే దాచి, మూత తెరవని ధీరుడై ఉంటాడు. కావున మేము ‘తెరువకుండు’నే నిలిపి, ‘నెలకొకసారి తప్ప’ అని అధ్యాహారం చేస్తున్నాం. ఆ రోజున పైవరుస సిగార్లను కిందికీ, కిందివాటిని పైకీ మార్చి, పెట్టె అడుగున గోధుమరంగు పొడి ఏమైనా రాలిందేమో వేలితో రాసి చూసుకోవలెను.